స్కూటర్ మీద చిన్నచూపు

అలకపాన్పు మీద కూర్చున్న కొత్త అల్లుడు స్కూటర్ ఇస్తామని మాటిచ్చేదాకా దిగనని భీష్మించుకున్న కథలు 1970లు, 80లలో పెళ్ళిళ్ళు చేసిన ఏ ఇంట్లో అడిగినా దొరుకుతాయి. మామగారు ప్రావిడెంట్ ఫండ్‌లో అప్పు పెట్టి, తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆ బండి తెచ్చేవాడు. ఇవాళ అదే ఇంట్లో ఇంజనీరింగ్‌లో చేరిన మనవడికి స్కూటర్ కొనిస్తామంటే ముఖం మాడ్చుకుంటాడు. "అది అమ్మ తోలుకునే బండి తాతయ్యా, నాకు బైక్ కావాలి" అంటాడు. యాభై ఏళ్ళు తిరక్కుండా ఒక బండి పరువు ఇంతగా ఎందుకు తలకిందులైంది?

బైక్ నడిపేవాళ్ళు స్కూటర్ నడిపేవాళ్ళని ఎలా చూస్తారన్నది పైకి చిన్న సంగతిలా కనిపిస్తుంది. మన దేశంలో ఏటా అమ్ముడయ్యే ద్విచక్ర వాహనాల్లో దాదాపు మూడో వంతు స్కూటర్లే కాబట్టి, ఈ చూపు కోట్ల మంది మీద పడుతోంది. వాళ్ళలో ఆడవాళ్ళు, పెద్దవయసు వాళ్ళు, రోజువారీ పనుల మీద తిరిగేవాళ్ళు ఎక్కువ. ఈ విషయం మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజన్, చక్రం, గేరు అంటూ ఎన్ని సాంకేతిక కారణాలు చెప్పినా, ఈ చిన్నచూపు ప్రధానంగా బండి మీద కూర్చున్న మనిషిని బట్టి పుట్టింది. పెద్దమనుషులు ఎక్కినన్నాళ్ళూ స్కూటర్‌కి గౌరవం ఉంది. ఆడవాళ్ళు ఎక్కాక పోయింది.

ఆ చూపు చాలా రూపాల్లో బయటపడుతుంది. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడీ పడకముందే వెనక నుంచి హారన్ మొదలవుతుంది. ముందున్నది స్కూటర్ అయితే ఆ మోత ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వికారాబాద్ అనంతగిరి వైపో, విశాఖ నుంచి అరకు ఘాట్ మీదికో బయల్దేరే మిత్రబృందంలో ఒకడి దగ్గర స్కూటరే ఉంటే, "నీ బండి ఇంట్లో పెట్టేసి నా వెనక ఎక్కు" అంటారు. ఆ మాటలో స్నేహం ఉంది, తీసిపారేయడమూ ఉంది. నలభై దాటినవాడు స్కూటర్ కొంటే అది 'అంకుల్ బండి'. పాతికేళ్ళవాడు కొంటే చెల్లెలి బండి అడిగి తెచ్చుకున్నాడని ఎగతాళి. కుర్రవాళ్ళు నామోషీగా భావించేది ఈ రెండో మాటనే.

స్కూటర్ పుట్టుకలోనే మోటార్‌సైకిల్‌తో ఒక పేచీ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని పియాజియో విమానాల ఫ్యాక్టరీ బాంబు దాడుల్లో దెబ్బతింది. యుద్ధం ముగిశాక ఎన్రికో పియాజియో జనానికి చౌకగా దొరికే బండి ఒకటి తయారుచేయాలనుకుని, ఆ పని కొర్రాదినో దస్కానియోకి అప్పగించాడు. ఆయన హెలికాప్టర్ల మీద పనిచేసిన ఇంజనీరు, మోటార్‌సైకిల్ అంటే ఆయనకి అస్సలు గిట్టేది కాదు. ఎక్కాలంటే కాలు ఎత్తి అవతలికి వేయాలి, గొలుసు నూనె బట్టలకి అంటుతుంది, టైరు పంక్చరైతే మార్చడం పెద్ద తంటా అన్నవి ఆయన ఫిర్యాదులు. వాటన్నిటికీ జవాబుగా 1946లో 98 సీసీ వెస్పా వచ్చింది. ముందు కాళ్ళు పెట్టుకునే చోటు ఖాళీగా ఉంది, ఇంజన్ రేకు కింద దాక్కుంది, గొలుసు లేదు, ముందు చక్రం విమాన చక్రంలా ఒకే పక్క నుంచి బిగించి ఉంది. మరుసటి ఏడు ఇన్నొచెంతి కంపెనీ లాంబ్రెట్టా తెచ్చింది. పంట్లాం మాసిపోకుండా ఆఫీసుకి వెళ్ళాలనుకునేవాళ్ళూ, గౌను వేసుకున్న ఆడవాళ్ళూ నడపగలిగేలా తయారైన బండి ఇది. నూనె మరకల్నీ, మోతనీ, తోలు కోటునీ తమ గుర్తులుగా చేసుకున్న మోటార్‌సైకిల్ వాళ్ళకి ఇది మొదటి నుంచీ పరాయిగానే తోచింది.

ఆ పరాయితనం బాహాటంగా కొట్లాటల దాకా వెళ్ళింది ఇంగ్లండులో. 1964 ఈస్టర్ సెలవుల్లో క్లాక్టన్‌లో, ఆ తర్వాతి సెలవుల్లో మార్గేట్, బ్రైటన్ సముద్రతీరాల్లో 'మాడ్లు', 'రాకర్లు' అనే యువకుల గుంపులు తలపడ్డాయి. మాడ్లు సూట్లు వేసుకుని, అద్దాలు వరసగా బిగించిన వెస్పాలూ లాంబ్రెట్టాలూ ఎక్కేవారు. రాకర్లది ట్రయంఫ్, బీఎస్‌ఏ, నార్టన్ బైకులూ తోలు జాకెట్లూ. రాకర్ల కంటికి మాడ్లు సోకులరాయుళ్ళు, మగతనం లేనివాళ్ళు. మాడ్ల కంటికి రాకర్లు స్నానం చేయని మొరటువాళ్ళు. స్టాన్లీ కోహెన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని మీద 1972లో 'ఫోక్ డెవిల్స్ అండ్ మోరల్ పానిక్స్' అనే పుస్తకం వేశాడు. తీరంలో జరిగిన నష్టం పత్రికలు రాసినంత లేదనీ, ఆ రాతలే రెండు గుంపుల మధ్య గీతని ఇంకా లోతుగా గీశాయనీ ఆయన చూపించాడు. బండిని బట్టి మనిషికి ముద్ర వేయడంలో రోడ్డు మీద లేనివాళ్ళ చెయ్యి కూడా ఎంత ఉంటుందో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. మన దగ్గర ఆ పని ప్రకటనలూ సినిమాలూ చేశాయి.

మన దేశంలో కథ పూర్తిగా తిరగబడి మొదలైంది. బొంబాయిలో లాంబ్రెట్టా, పుణెలో బజాజ్ వారి వెస్పా తయారవడం మొదలైన నాటి నుంచి స్కూటర్ అంటే ఉద్యోగస్తుడి హోదా. పియాజియోతో ఒప్పందం ముగిశాక బజాజ్ 1972లో చేతక్ తెచ్చింది. లైసెన్సుల రాజ్యంలో ఉత్పత్తికి పరిమితి ఉండేది కాబట్టి బుక్ చేసుకున్నవాళ్ళు పదేళ్ళ దాకా ఎదురుచూసేవారు. బండి చేతికొచ్చిన రోజునే కొన్న ధర కన్నా ఎక్కువకి అమ్ముకోగలిగేవారు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమూ ఈ గిరాకీలో చెయ్యి వేసింది. హైదరాబాద్ ఆల్విన్ పేరు మీద పుష్పక్ స్కూటర్లు వచ్చాయి, తిరుపతి మోపెడ్స్ ఇండియా నుంచి సువేగా మోపెడ్లు వచ్చాయి. బ్యాంకు ఆఫీసరు, కాలేజీ లెక్చరరు, ఎల్‌ఐసీ డెవలప్‌మెంట్ ఆఫీసరు స్కూటర్ మీద కనిపించేవారు. ఆ రోజుల్లో మోటార్‌సైకిల్ ఎవరిది? బుల్లెట్ సబ్ ఇన్‌స్పెక్టరుదీ ఊళ్ళో మోతుబరిదీ. రాజ్‌దూత్ మీద పాల క్యాన్లు వేలాడేవి. జావా, యెజ్డీ ఉత్సాహవంతులైన కుర్రాళ్ళవి. పిల్లనిచ్చే ఇంటివాళ్ళ దృష్టిలో స్కూటర్ ఉన్నవాడు స్థిరపడినవాడు.

ఆ స్కూటర్ తేలికైన బండేమీ కాదు. చేతక్‌కి క్లచ్, నాలుగు గేర్లు ఎడమచేతి పిడిలోనే ఉండేవి, మణికట్టు తిప్పి గేరు వేయాలి. పెట్రోలులో ఆయిల్ కొలిచి కలపాలి. పొద్దున చలికి మొండికేస్తే బండిని ఒక పక్కకి నేలకు ఆనేంతగా వంచి, మళ్ళీ నిలబెట్టి, చోక్ లాగి కిక్ కొట్టేవారు. అప్పటికీ లేవకపోతే పక్క డొప్ప ఊడదీసి, ప్లగ్ విప్పి, దాని మొనకి పట్టిన మసిని గరుకు కాగితంతో గీకి, నోటితో ఊది, మళ్ళీ బిగించేవారు. పంక్చరైతే వెనక వేలాడుతున్న స్టెప్నీ దించి, రోడ్డు పక్కనే నట్లు విప్పి చక్రం మార్చుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయేవారు. అదే ఎండలో పంక్చరు కొట్టుదాకా బైక్ తోసుకుంటూ పోయేవాడికి వాళ్ళని చూస్తే ఈర్ష్యగానే ఉండేది. స్కూటర్ నడపడానికి నేర్పు అక్కర్లేదన్న మాట ఆ తరంలో ఎవరూ అనలేదు.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక మైలేజీ లెక్క మారిపోయింది. నాలుగు స్ట్రోకుల ఆ ఇంజన్ రెండు స్ట్రోకుల స్కూటర్ తాగే పెట్రోలుతో చాలా ఎక్కువ దూరం పోయేది. 1994లో స్ప్లెండర్ వచ్చింది, 1990లు ముగిసేసరికి అమ్మకాల్లో మోటార్‌సైకిల్ స్కూటర్‌ని దాటేసింది. ఉద్యోగస్తులంతా అటు మళ్ళారు. రెండోవైపు 1984 నాటి కైనెటిక్ హోండా గేర్లు లేకుండా, బటన్ నొక్కితే స్టార్టయ్యే స్కూటర్‌ని పరిచయం చేసింది. 1994లో టీవీఎస్ స్కూటీ, 2001లో హోండా యాక్టివా వచ్చాయి. కాలేజీ అమ్మాయిలు, టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు వీటితోనే రోడ్డెక్కారు. అప్పటి నుంచి మన ఊళ్ళలో గేరు లేని స్కూటర్ ఏ కంపెనీదైనా 'స్కూటీ' అయిపోయింది, స్కూటీ అంటే ఆడవాళ్ళ బండి అయిపోయింది.

ఈ విభజనని కంపెనీలు డబ్బు పెట్టి పెంచాయి. 2001లో పల్సర్‌ని విడుదల చేసినప్పుడు ఆ బండే మగది అన్నట్టు ప్రకటన ఇచ్చారు. 2005లో ప్లెజర్ స్కూటర్‌కి ప్రియాంకా చోప్రాని పెట్టి, సరదాలన్నీ అబ్బాయిలకేనా అని అడిగించారు. రెండో ప్రకటన ఉద్దేశం మంచిదే, ఎంతోమంది అమ్మాయిలకి ధైర్యమిచ్చి ఉంటుంది. రెండూ కలిసి చేసిన పని మాత్రం ఒకటే, బైక్‌ని ఒక వైపూ స్కూటర్‌ని ఒక వైపూ నిలబెట్టడం. 2005 చివరికి చేతక్ తయారీ ఆగిపోయింది, 2009లో బజాజ్ స్కూటర్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పింది. మన సినిమా సంగతి సరేసరి. 'అర్జున్ రెడ్డి' హీరో బుల్లెట్ మీద తిరుగుతాడు. 2018లో ఒక యమహా బండి పేరే 'ఆర్‌ఎక్స్ 100' అని సినిమాకి పెట్టారు. తెర మీద స్కూటర్ ఎక్కేది ఎక్కువగా హీరోయిన్, లేదా నవ్వించే తండ్రి పాత్ర.

ఇక బైక్ పక్షం వాళ్ళు చెప్పే కారణాలు పరిశీలించాలి. వాటిలో నిజమున్నవి ఉన్నాయి. స్కూటర్ చక్రాలు చిన్నవి. యాక్టివాకి ఏళ్ళ తరబడి రెండు వైపులా 10 అంగుళాల చక్రాలే ఉండేవి, తర్వాతే కొన్ని మోడళ్ళలో ముందు చక్రం 12 అంగుళాలయింది. మామూలు బైక్‌కి 17 లేదా 18 అంగుళాలుంటాయి. గుంతలో చిన్న చక్రం ఎక్కువ లోతుకు దిగుతుంది, కుదుపు ఎక్కువ, తూలడం ఎక్కువ. ఇంజన్ బరువంతా వెనక ఉండడం వల్ల హైవే మీద లారీ పక్కనుంచి దూసుకుపోతే ముందు భాగం ఊగినట్టు అనిపిస్తుంది. స్కూటర్ ట్యాంకులో పట్టేది 5 లీటర్ల పైచిలుకు, స్ప్లెండర్‌లో 10 లీటర్లకి దగ్గర. ఏకబిగిన దూరం పోవాలంటే బైక్ మేలని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. రోజూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళొచ్చే కుర్రాడు బైక్ ఎంచుకుంటే అది తెలివైన ఎంపిక.

శక్తి సంగతి వచ్చేసరికి వాదన నిలబడదు. దేశంలో అత్యధికులు నడిపే బైక్ స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండి. దాని ఇంజన్ 97.2 సీసీ, శక్తి సుమారు 8 హార్స్‌పవర్. యాక్టివా ఇంజన్ 109 సీసీ పైచిలుకు, శక్తి దాదాపు అంతే. సిగ్నల్ దగ్గర వెనక నిలబడి హారన్ కొడుతున్న బండికీ, ముందున్న స్కూటర్‌కీ బలంలో తేడా లేదు. 125 సీసీ లోపు బండ్లకి 2019 నుంచి తప్పనిసరి చేసిన, రెండు చక్రాలకీ కలిపి పడే బ్రేకు కూడా రెంటికీ ఒకటే. పైగా ఇంట్లో గ్యాస్ సిలిండరు, పాతిక కిలోల బియ్యం బస్తా, స్కూలు సంచులు మోసేది స్కూటర్ ముందున్న ఆ ఖాళీ జాగానే. బైక్ గొప్పలు చెప్పే చాలా ఇళ్ళలో సరుకుల రోజున బయటికి తీసేది రెండో బండినే.

"వాళ్ళకి నడపడం రాదు" అన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట. బ్రేకు బదులు రెండు కాళ్ళూ నేలకి ఈడుస్తారని ఆడవాళ్ళ మీద వేసే జోకులకీ, ఫోన్లలో తిరిగే వీడియోలకీ అంతు లేదు. ఈ మాట మీద కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో కనిపించే దృశ్యం నిజం, దానికి చెప్పే కారణం అబద్ధం. మగపిల్లవాడు పద్నాలుగో ఏటే, చట్టానికి విరుద్ధంగా, నాన్న బండి మీద వీధి చివరిదాకా వెళ్ళి వస్తాడు. పడతాడు, మోకాలు చెక్కుకుపోతుంది, ఎవరూ పట్టించుకోరు. లైసెన్సు వయసొచ్చేసరికి నాలుగేళ్ళ అనుభవం ఉంటుంది. ఆడవాళ్ళలో చాలామంది నేర్చుకునేది పెళ్ళయ్యాక, ఉద్యోగం వచ్చాకో, పిల్లని స్కూల్లో దింపాల్సి వచ్చాకో. పొద్దున ఆరు గంటలకి కాలనీలోని ఖాళీ స్థలంలో వెనక భర్తో తమ్ముడో పట్టుకుని పరిగెడుతుంటే, "వదలకండి, వదలకండి" అంటూ ఆమె నేర్చుకుంటుంది. వారం తిరక్కుండానే ముందు నాలుగేళ్ళ పిల్లని నిలబెట్టుకుని, చీర కుచ్చిళ్ళు చూసుకుంటూ, మెడలో చున్నీ చక్రంలో పడకుండా ముడేసుకుని ట్రాఫిక్‌లోకి దిగాలి. తక్కువ వేగంలో తూలే బండిని కాళ్ళు ఆనించి నిలబెట్టుకోవడం కొత్తగా నేర్చుకున్న ఎవరైనా చేసే పనే. అదే పని ఆ కుర్రాడు పద్నాలుగో ఏట చేసినప్పుడు రోడ్డు మీద చూసేవాళ్ళు లేరు, అంతే.

గేరు విషయంలో చట్టం కూడా ఈ భావనకి తెలియకుండానే ఊతమిచ్చింది. మోటారు వాహనాల చట్టం దృష్టిలో స్కూటర్ కూడా మోటార్‌సైకిలే, కానీ లైసెన్సు మాత్రం గేరు ఉన్నదానికి ఒకటి, లేనిదానికి ఒకటి. గేరు లేని లైసెన్సు తీసుకున్న ఆమెని 'సగం లైసెన్సు' అని ఆటపట్టించడం విన్నాను. గేరు వేయడం వారం రోజుల్లో వచ్చే పని. ఎదురుగా వచ్చే ఆటో ఎటు తిరుగుతుందో పసిగట్టడం, తడిసిన రోడ్డు మీద బ్రేకు ఎంత పట్టాలో తెలియడం ఏళ్ళ మీద వచ్చే నేర్పు, దానికి గేరుతో సంబంధం లేదు.

ప్రమాదాల లెక్కలు చూస్తే ఈ పోటీ ఎంత అర్థంలేనిదో తెలుస్తుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50 వేల పైచిలుకు, అందులో వెనక కూర్చున్నవాళ్ళు పద్నాలుగు వేలకి పైనే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బుల్లెట్‌నీ రానివ్వరు, యాక్టివానీ రానివ్వరు. కారు తోలేవాడి కంటికి ఇద్దరూ ఒకటే.

దూరప్రయాణం మాది అని బైక్ వాళ్ళు అనుకుంటారు. ఇటలీ రచయిత జోర్జో బెత్తినెల్లి 1990ల మొదట్లో రోమ్ నుంచి సైగాన్ దాకా వెస్పా మీద వెళ్ళాడు. మైసూరులో ఒక కొడుకు ఉద్యోగం మానేసి, తండ్రి కొనిచ్చిన పాత చేతక్ మీద తల్లిని వెనక కూర్చోబెట్టుకుని 2018 నుంచి దేశంలోని క్షేత్రాలన్నీ తిప్పాడు, నేపాల్, భూటాన్, మయన్మార్ కూడా చూపించాడు. కిలోమీటర్ల లెక్క పదుల వేలల్లో ఉంది. 2015లో ఒక యువతి 110 సీసీ స్కూటీ మీద లడఖ్‌లోని ఖార్దుంగ్ లా ఎక్కింది. ఇవి ఎవరికోసమో చేసిన విన్యాసాలని కొట్టిపారేసేవాళ్ళుంటారు. మైసూరు తల్లీకొడుకుల విషయంలో ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

బైక్ వాళ్ళలో మంచి లేదని నా ఉద్దేశం కాదు. ఘాట్ రోడ్డు మీద ఆగిపోయిన బండి చూసి ముక్కూమొహం తెలియనివాడి కోసం ఆగి, టూల్ కిట్ తీసి, అరగంట కూర్చుని బాగుచేసి పంపేవాళ్ళు ఈ బృందాల్లోనే ఉన్నారు. ఐరోపాలో, అమెరికాలో ఎదురుపడిన బైకర్లు చెయ్యి ఊపుకుంటారు, ఫ్రాన్సులో కాలు చాపి పలకరిస్తారు. ఆ పలకరింపు స్కూటర్‌కి అందాలా వద్దా అని అక్కడ తెగని వాదం నడుస్తుంటుంది. ఆసియాలో చూస్తే తైవాన్, వియత్నాంలలో ఊరు ఊరంతా చిన్న బండ్ల మీదే కదులుతుంది, ఇంట్లో అమ్మకీ కొడుక్కీ ఒకే రకం బండి. అందరూ నడిపేదాన్ని ఆడవాళ్ళదని వెక్కిరించడానికి అక్కడ వీలు తక్కువ. హోండా 1958లో తెచ్చిన సూపర్ కబ్ 2017 నాటికి పది కోట్లు దాటింది, దానికీ ముందు కాలు పెట్టి ఎక్కే వీలే ఉంది.

మన దగ్గరా గాలి మారుతోంది. యాక్టివా 2010ల మధ్యలో కొన్ని నెలలు స్ప్లెండర్‌నే మించి అమ్ముడైంది. 2018లో వచ్చిన ఎన్‌టార్క్ లాంటి 125 సీసీ స్కూటర్లని కుర్రాళ్ళు అడిగి మరీ కొన్నారు. అదే ఏడు ఏథర్, 2021లో ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి, బజాజ్ కూడా చేతక్ పేరునే ఎలక్ట్రిక్ బండికి పెట్టుకుని తిరిగొచ్చింది. సిగ్నల్ పడగానే వీటిలో కొన్ని 150 సీసీ బైక్‌ని వెనక్కి నెట్టేస్తున్నాయి. కొన్నవాళ్ళలో మగవాళ్ళు బాగా ఉండడంతో స్కూటర్ మళ్ళీ మర్యాదస్తుల బండి అవుతోంది. ఇందుకు సంతోషించాలో బాధపడాలో నాకు తెలియడం లేదు. బండి మళ్ళీ మగవాళ్ళ చేతికొచ్చాకే దానికి విలువ కట్టారంటే, పాతికేళ్ళు దాన్ని నమ్ముకుని నడిపిన ఆడవాళ్ళకి దక్కాల్సిన గౌరవం ఇంకా బాకీగానే ఉంది.

చూపు మాత్రం కొత్త చోటు వెతుక్కుంది. గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారుండే చిన్న ఎలక్ట్రిక్ బండ్లకి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. అద్దెకి దొరుకుతాయి కాబట్టి భోజనాలూ సరుకులూ ఇళ్ళకి చేర్చే కుర్రాళ్ళు, సొంత బండి కొనే స్తోమత లేనివాళ్ళు, వీటినే నడుపుతున్నారు. ఊళ్ళలో టీవీఎస్ ఎక్సెల్ మీద కొబ్బరిబోండాలు మోసే మనిషిని చూసిన చూపే పట్నంలో వీళ్ళ మీద పడుతోంది. వెనక ఎంత హారన్ కొట్టినా ఆ బండి 25 దాటదు. ఎడమకి జరగమంటారు, అక్కడ ఇసుక మేట, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత, అడ్డంగా ఆగిన ఆటో ఉంటాయి. ఇప్పుడు వాళ్ళ మీద హారన్ కొట్టేవాళ్ళలో యాక్టివా వాళ్ళూ ఉన్నారు, ఏథర్ వాళ్ళూ ఉన్నారు.